మోడల్స్ మీద ఆయిల్ పెయింట్ త్వరగా ఆరాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నై వేళచ్చేరిలో మా ఫ్లాట్ బాల్కనీ పక్కన ఒక చిన్న బల్ల ఉంది, దాని మీద ఎప్పుడు చూసినా ఒకటో రెండో సగం పూర్తయిన ప్లాస్టిక్ మోడల్ ట్యాంకులు ఉంటాయి. వెదరింగ్‌కు, అంటే మోడల్ మీద దుమ్ము, తుప్పు, చారలు తెచ్చి నిజంగా వాడినదానిలా కనిపించేలా చేయడానికి, నేను ఎక్కువగా ఆయిల్ రంగులే వాడతాను. ఊళ్లో మోడల్స్ కట్టే తెలుగువాళ్లు కలిసినప్పుడల్లా, ఫోన్ చేసినప్పుడల్లా నన్ను అడిగేది దాదాపు ఒకటే: "అన్నా, నాలుగు రోజులైంది, ఇంకా వేలికి అంటుతోంది, ఏం చేయమంటావ్?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కంటే అన్నీ ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. 1/35 (అసలు దానిలో ముప్పై అయిదో వంతు సైజు) ట్యాంకులను దృష్టిలో పెట్టుకుని రాశాను కానీ విమానాలకైనా ఓడలకైనా మనుషుల బొమ్మలకైనా సంగతి ఇదే.

అసలు ఆయిల్ పెయింట్ ఆరడానికి ఇన్ని రోజులు ఎందుకు పడుతుంది?

"ఆరడం" అనే మాట దగ్గరే పొరపాటు మొదలవుతుంది. దండెం మీద బట్టలు ఆరడమంటే నీళ్లు ఆవిరైపోవడం. యాక్రిలిక్ రంగు కూడా దాదాపు అంతే, నీళ్లు పోగానే పని అయిపోతుంది. ఆయిల్ రంగులో పోవడానికి నీళ్లే లేవు. ట్యూబ్‌లో ఉండేది రంగుపొడి, దాన్ని కలిపి నూరిన అవిసె నూనె. ఆ నూనె ఎక్కడికీ పోదు. గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని, దాని అణువులు ఒకదానితో ఒకటి అల్లుకుపోయి, అక్కడే గట్టి పొరగా మారుతుంది. ఆక్సిజన్ వచ్చి చేరుతుంది కాబట్టి మొదటి రోజుల్లో ఆ పొర బరువు తగ్గకపోగా కొంచెం పెరుగుతుంది కూడా.

అందుకే నేను దీన్ని బట్టలు ఆరడంతో కాకుండా పెరుగు తోడుకోవడంతో పోలుస్తాను. పాలను విసనకర్రతో విసిరితే పెరుగు అవుతుందా? గోరువెచ్చగా ఉంచితే తోడుకుంటుంది, చలికాలం ఆలస్యమవుతుంది, మరీ వేడి చేస్తే చెడిపోతుంది. ఆయిల్ రంగుకూ ఇదే వరస. ఈ ఒక్కటి మనసులో పెట్టుకుంటే కింద రాసిన సగం జవాబులు మీరే చెప్పేయగలరు.

అన్ని నూనెలూ ఇలా గట్టిపడవు. కొబ్బరి నూనె ఎంతకాలమైనా నూనెగానే ఉంటుంది. సన్‌ఫ్లవర్ నూనె మధ్యరకం: వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కల మీద, నూనె డబ్బా మూత అంచున, గోరుతో గీకితే తప్ప రాని బంక ఉంటుంది చూడండి, అది గాలి తగిలి సగం గట్టిపడిన వంటనూనే. అవిసె నూనెకు ఆ గుణం చాలా ఎక్కువ. కొన్ని తెల్ల రంగులు, లేత రంగులు పసుపెక్కకూడదని వాటిని కుసుమ నూనెతోనో గసగసాల నూనెతోనో నూరుతారు. అవి ఇంకా నెమ్మది.

పైగా మన మోడల్ ప్లాస్టిక్. కాన్వాస్ అయితే అడుగు పొర కొంత నూనె పీల్చుకుంటుంది. మన బేస్ కోట్ (అడుగున వేసే అసలు రంగు) మీద మెరిసే గ్లాస్ వార్నిష్ కూడా కొట్టి ఉంటే చుక్క నూనె కూడా లోపలికి పోదు, అంతా పైనే ఉండి గాలి కోసం ఎదురుచూడాలి.

మామూలుగా ఎంతసేపు పడుతుంది?

చెన్నై వాతావరణంలో నా బల్ల మీద చూసిన లెక్కలు చెబుతున్నాను, మీ దగ్గర కొంచెం అటూ ఇటూ కావచ్చు. వాష్, అంటే సందుల్లోకి పాకేలా థిన్నర్‌తో బాగా పలచగా కలిపిన రంగు అయితే సాయంత్రం వేస్తే మర్నాటి సాయంత్రానికి చేతికి అంటదు. నూనె తీసేసిన రంగును (ఎలా తీయాలో కింద చెబుతాను) పలచగా పులిమి ఫేడింగ్ చేస్తే, అంటే వెలిసినట్టు కనిపించేలా చేస్తే, ఒకటి రెండు రోజులు. ట్యూబ్ నుంచి నేరుగా తీసి, థిన్నర్ లేకుండా మందంగా పెడితే వారం, పది రోజులు, నల్ల రంగైతే ఇంకా ఎక్కువ. చేతికి అంటకపోవడం వేరు, లోపలిదాకా గట్టిపడటం వేరు. రెండోదానికి ఇంకా చాలా రోజులు పడుతుంది, కానీ మోడల్‌ను షెల్ఫ్‌లో పెట్టుకోవడానికి అంతవరకు ఆగక్కర్లేదు.

ఒకే ఒక్క చిట్కా చెప్పమంటే ఏం చెబుతావ్ అన్నా?

అట్టముక్క. మందులు, పెట్టెలు, దీపాలు అన్నీ దాని తర్వాతే.

బజ్జీలు బాణలి నుంచి తీసి న్యూస్ పేపర్ మీద వేస్తాం కదా, నిమిషంలో పేపర్ మీద నూనె మరక పాకుతుంది. ఇక్కడ చేసేదీ అదే. కొరియర్‌లో వచ్చే మామూలు గోధుమరంగు అట్టపెట్టె చాలు, పైన మెరుపు పూత లేనిది చూసుకోండి. దాన్ని అరచేతంత ముక్క కోసి, దాని మీద రంగును కందిగింజంత పిండండి. కుప్పగా వదిలేయకుండా పుల్లతోనో పాత బ్రష్ వెనకభాగంతోనో కొంచెం పరవండి. పది నిమిషాల్లో రంగు చుట్టూ అట్ట మీద ఒక ముదురు వలయం కనబడుతుంది. అదే నూనె. అరగంటకు ఆ వలయం వేలెడు వెడల్పు అవుతుంది, రంగు పైన మెరుపు తగ్గి చాక్‌పీస్ తడిపినట్టు డల్‌గా కనిపిస్తుంది. అప్పుడు బ్రష్‌తో తీసుకోండి. నేను మామూలుగా గంట ఆగుతాను. నూనె ఎక్కువగా కారే ట్యూబ్ అయితే రెండు మూడు గంటలు ఉంచి, మధ్యలో ఒకసారి రంగును కొత్త అట్ట మీదకు మారుస్తాను.

దీంతో రెండు లాభాలు. గట్టిపడాల్సిన నూనే తక్కువ కాబట్టి త్వరగా గట్టిపడుతుంది. ఆ పైన మ్యాట్‌గా ఆరుతుంది, ట్యాంకు మీద నూనె మెరుపు మచ్చలు రావు. వెదరింగ్ కోసమే తయారుచేసే అబ్టైలుంగ్ 502 లాంటి రంగులు మామూలు ఆర్టిస్ట్ ట్యూబుల కంటే త్వరగా, మ్యాట్‌గా ఆరేలా ఉంటాయి. అవి దొరికితే మంచిదే, కానీ చెన్నైలో స్టేషనరీ షాపుల్లో దొరికే క్యామెల్ ఆయిల్ ట్యూబ్‌తో, ఒక అట్టముక్కతో చాలావరకు అదే పని జరుగుతుంది. నేను చేసిన మోడల్స్‌లో ఎక్కువ భాగం క్యామెల్ రంగులతో చేసినవే.

అట్ట మీద రాత్రంతా వదిలేస్తే ఇంకా మంచిదా?

కాదు. నూనె పూర్తిగా పోతే రంగుపొడిని మోడల్‌కు అంటించి ఉంచేది ఏమీ మిగలదు, ఆరాక వేలితో రుద్దితే పొడిలా రాలుతుంది. అలా అయినా మ్యాట్ వార్నిష్ కొడితే నిలుస్తుంది, కానీ వార్నిష్ తగలగానే రంగు ఒక్కసారిగా ముదురుతుంది, మీరు కష్టపడి తెచ్చిన లేత దుమ్ము రంగు మాయమవుతుంది. కాబట్టి తోడేయాలి కానీ ఎండగట్టకూడదు.

ఏ రంగులు త్వరగా ఆరతాయి, ఏవి సతాయిస్తాయి?

రంగుపొడిని బట్టి చాలా తేడా ఉంటుంది, ఇది చాలామంది పట్టించుకోరు. రా అంబర్, బర్న్ట్ అంబర్‌లలో సహజంగానే మాంగనీసు ఉంటుంది, అది తోడు చుక్కలా పనిచేసి నూనెను త్వరగా గట్టిపరుస్తుంది. ప్రష్యన్ బ్లూ, కోబాల్ట్ ఉన్న రంగులు కూడా చురుకైనవే. బర్న్ట్ సియెన్నా ఫర్వాలేదు. ఎల్లో ఆకర్ మధ్యలో ఉంటుంది. ఐవరీ బ్లాక్, ల్యాంప్ బ్లాక్, క్యాడ్మియం ఎరుపు, క్యాడ్మియం పసుపు, అలిజరిన్ క్రిమ్సన్, జింక్ వైట్ మాత్రం మన సహనాన్ని పరీక్షిస్తాయి. టైటానియం వైట్ కూడా మెల్లగానే.

మన అదృష్టం ఏమిటంటే ట్యాంకులకు కావాల్సిన మట్టి, తుప్పు రంగులు ఎక్కువగా త్వరగా ఆరే జాతివే. నలుపు వాష్ కావాలంటే ఒట్టి ఐవరీ బ్లాక్ వాడకండి, మూడొంతులు బర్న్ట్ అంబర్, ఒక వంతు నలుపు కలపండి. త్వరగా ఆరుతుంది, చూడ్డానికి కూడా సహజంగా ఉంటుంది, నిజం ట్యాంకు సందుల్లో ఉండేది తారు నలుపు కాదు, గ్రీజు కలిసిన మట్టి. దుమ్ము రంగుకు తెలుపు తప్పదు, అందులోనూ చిటికెడు రా అంబర్ వేస్తే ఆరడంలో తేడా తెలుస్తుంది.

థిన్నర్ ఏది వాడాలి? హార్డ్‌వేర్ షాపులో థిన్నర్ అని ఇచ్చాడు, వాడొచ్చా?

ఆగండి, బ్రష్ ముంచకండి. మన దగ్గర హార్డ్‌వేర్ షాపులో ఒట్టి "థిన్నర్" అని అడిగితే చాలాసార్లు చేతిలో పెట్టేది ఎన్‌సీ థిన్నర్. అది చెక్క పాలిష్‌కు, లాకర్‌కు వాడేది. ప్లాస్టిక్ కిట్‌ను కరిగించేస్తుంది, బేస్ కోట్‌ను తుడిచిపెట్టేస్తుంది. మీకు కావాల్సింది వైట్ స్పిరిట్ జాతిది. హార్డ్‌వేర్ షాపులో ఎంటీవో అని, మినరల్ టర్పెంటైన్ అని అడిగితే ఇస్తారు. ఆర్ట్ షాపులో వాసన లేని థిన్నర్ దొరికితే ఇంట్లోవాళ్లకు కూడా హాయి. చెట్టు జిగురు నుంచి తీసే అసలు టర్పెంటైన్ కూడా పనిచేస్తుంది కానీ ఘాటెక్కువ, అడుగున ఎనామెల్ ఉంటే దాన్ని కదిలిస్తుంది.

కొన్న సీసాను ఒకసారి పరీక్షించి చూడండి. గాజుపలక మీద నాలుగు చుక్కలు వేసి మర్నాడు చూడండి. ఏమీ మిగలకపోతే మంచిది. వేలితో రాస్తే జిడ్డుగా ఉంటే ఆ సీసాను బ్రష్‌లు కడగడానికి పెట్టుకోండి. నేను ఈ పరీక్ష నేర్చుకున్నది దెబ్బ తిన్నాకే. ఒకసారి దగ్గర్లోని ఒక షాపులో లూజుగా పోసిచ్చిన టర్పెంటైన్ తెచ్చి, ఒక టీ-72 మొత్తానికి ఫిల్టర్ (రంగు ఛాయ మార్చే పలచని పూత) వేశాను. పది రోజులైనా ట్యాంకు మొత్తం తలకు నూనె రాసినట్టే ఉంది. అందులో ఏం కలిసిందో తెలీదు, ఆరనిదేదో కలిసింది. మొత్తం తుడిచి మళ్లీ మొదలుపెట్టడానికి రెండు వారాంతాలు పట్టింది. కిరోసిన్ కూడా ఇలాగే జిడ్డు వదులుతుంది, వద్దు.

ఇంకో సంగతి, థిన్నర్ ఎక్కువ పోస్తే త్వరగా ఆరుతుందనుకుని సందుల్లో మడుగు కట్టించకండి. అతుకుల్లోంచి లోపలికి పాకి, పెయింట్ తగలని ఒట్టి ప్లాస్టిక్‌ను పట్టుకుంటే, బిగువుగా అతికించిన భాగాలు పెళుసెక్కి విరుగుతాయి. ట్యాంకు చక్రాల ఇరుసులు ఇలా పుటుక్కుమనడం నేను చూశాను. బ్రష్‌ను థిన్నర్‌లో ముంచాక టిష్యూకి ఒకసారి తాకించి అప్పుడు రంగు తీసుకోండి.

హెయిర్ డ్రయర్ పెడితే?

థిన్నర్ ఆవిరవుతుంది, నూనె అలాగే ఉంటుంది. పైకి ఆరినట్టు కనబడి మోసం చేస్తుంది. తడిగా ఉన్న వాష్ మీద గాలి కొడితే రంగు పక్కకు నెట్టుకుపోయి అంచుల్లో మరకలు కడుతుంది, పైగా గదిలో దుమ్మంతా దాని మీదే వాలుతుంది. వేడి సెట్టింగ్‌లో దగ్గరగా పెడితే సన్నని ఫెండర్లు, యాంటెన్నాలు వంగుతాయి. థిన్నర్ పోయే దాకా పావుగంట ఆగి, చల్లగాలితో, చెయ్యంత దూరం నుంచి కాసేపు పెడితే తప్పులేదు, అంతకు మించి దాని నుంచి ఆశించకండి.

వేడి పెట్టె గురించి విన్నాను. ఎలా చేసుకోవాలి, ఎంత వేడి?

అట్టముక్క తర్వాత నాకు బాగా కలిసొచ్చింది ఇదే. రసాయన చర్యలు 10 డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపు వేగంగా జరుగుతాయని ఒక మోటు లెక్క ఉంది. 30 డిగ్రీల గదిలో రెండు రోజులు పట్టేది 40 డిగ్రీల్లో ఒక రోజులో అయిపోతుందన్నమాట, నా అనుభవం కూడా దానికి దగ్గరగానే ఉంది.

కిట్లు ఎక్కువగా పాలిస్టైరిన్‌తో చేస్తారు. అది పూర్తిగా మెత్తబడేది 100 డిగ్రీల దగ్గర, కానీ సన్నని భాగాలు, లాగిపెట్టి అతికించిన భాగాలు 60 దాటగానే వంకర్లు తిరగడం మొదలుపెడతాయి. రెజిన్ భాగాలకైతే ఇంకా జాగ్రత్త కావాలి, వంగిన రెజిన్ తుపాకీ గొట్టాన్ని వేడినీళ్లలో ముంచి సరిచేస్తాం కదా, అంటే అదే వేడికి సరిగ్గా ఉన్నది కూడా వంగుతుంది. అందుకే 40కి అటూ ఇటూ ఉంచండి, 45 దాటనివ్వకండి.

మా వాళ్లు కొందరు పండ్లు, కూరగాయలు ఎండబెట్టే డీహైడ్రేటర్ కొని పెట్టుకున్నారు, అడుగు ట్రే ఉంచి మిగతావి తీసేస్తే 1/35 ట్యాంకు సరిగ్గా పడుతుంది. నేను సొంతంగా చేసుకున్నాను. ఒక పెద్ద అట్టపెట్టె, లోపల 40 వాట్ల పాతకాలం గుండు బల్బు (ఎల్ఈడీ బల్బు పనికిరాదు, దానికి వేడి చాలదు), ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే రిచ్చీ స్ట్రీట్‌లో కొన్న థర్మోస్టాట్ (వేడి మనం పెట్టిన డిగ్రీ దాటకుండా చూసేది). కోడిగుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్లకు వాడే రకమే, షాపులో అలా చెబితే వెంటనే తీసిస్తారు. నిజానికి గుడ్లకు కావాల్సిన 37, 38 డిగ్రీలు మన మోడల్‌కు కూడా బాగా సరిపోతాయి. బల్బుకు అట్ట తగలకుండా రేకు డబ్బాతో మరుగు పెట్టాను, పెట్టె అడుగున ఒకవైపు, పైన రెండో వైపు రూపాయి బిళ్లంత రంధ్రాలు నాలుగేసి చేశాను, గాలి ఆడకపోతే ఆక్సిజన్ ఎక్కడి నుంచి వస్తుంది? కరెంటు వైర్ల పని తెలియకపోతే తెలిసినవాళ్లతో చేయించుకోండి.

థర్మోస్టాట్ కొనకముందు ఒట్టి 100 వాట్ల బల్బు పెట్టి రాత్రి పడుకున్నాను. పొద్దున చూస్తే టరెట్ (ట్యాంకు పైన తిరిగే భాగం) మీది రెజిన్ గొట్టం కొన దించుకుని ఉంది, వెనకాల ఇంధన డ్రమ్ముల పట్టీలు కూడా జారాయి. అప్పటి నుంచి లోపల ఒక థర్మామీటర్ లేకుండా పెట్టె వాడలేదు.

థిన్నర్ తడిగా ఉన్న మోడల్‌ను వెంటనే పెట్టెలో పెట్టకండి. దాని ఆవిరికి నిప్పంటుకునే గుణం ఉంది, వేడి బల్బు పక్కన మూసిన పెట్టెలో అది పోగవడం ప్రమాదం. కనీసం రెండు గంటలు బయట కిటికీ దగ్గర ఉంచి, వాసన పోయాక లోపల పెట్టండి.

అంత కష్టం ఎందుకు, చెన్నై ఎండ చాలదా? మేడ మీద పెడితే?

రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు, ప్లాస్టిక్ ఏపాటిది? మే నెలలో నీడలో 40 ఉంటే, ముదురు ఆకుపచ్చ రంగు వేసిన ట్యాంకు నేరుగా ఎండలో దానికంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. పార్క్ చేసిన కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టడం అంతకంటే ఘోరం. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడకుండా వెలుతురు మాత్రం బాగా వచ్చేచోట పెట్టండి. వెలుతురు ఆయిల్ రంగుకు నిజంగా మంచిది, చీకటి బీరువాలో పెట్టి ఆరబెడితే అవిసె నూనె పసుపెక్కుతుంది, తెలుపు రంగులో ఇది బాగా తెలుస్తుంది. అలా పసుపెక్కినది కూడా కొన్నాళ్లు వెలుతురులో పెడితే చాలావరకు తేరుకుంటుంది.

దుమ్ము పడకుండా ఏం చేయాలంటే, నేను మోడల్ మీద పిండి జల్లెడ బోర్లిస్తాను, గాలి ఆడుతుంది, నలకలు ఆగుతాయి. దాని కోసం విడిగా ఒక జల్లెడ కొన్నాను, వంటింటి జల్లెడకు థిన్నర్ వాసన పట్టకూడదు.

కార్తీక మాసం వర్షాల్లో అస్సలు ఆరడం లేదు. తేమ వల్లేనా?

తేమ ఒక కారణం, చల్లదనం, మబ్బు కూడా కారణాలే. ఈశాన్య రుతుపవనాలప్పుడు, ముఖ్యంగా నవంబర్‌లో, కిటికీలు మూసేస్తాం, వెలుతురు ఉండదు, గాలి ఆడదు, మూడూ కలిసి ఆరడాన్ని నెమ్మదింపజేస్తాయి. ఏసీ వేస్తే గాలి పొడిబారుతుంది కానీ 22 డిగ్రీలకు దించితే ఆ లాభం కాస్తా పోతుంది. ఏసీని డ్రై మోడ్‌లో పెట్టి, మోడల్‌ను వేడి పెట్టెలో పెడితే నాకు మంచి ఫలితం వచ్చింది. సిలికా జెల్ పొట్లాలు డబ్బాలో వేసి గట్టిగా మూత పెట్టేవాళ్లున్నారు, మూత బిగిస్తే కొత్త గాలి రాదు, దాంతో ఉపయోగం లేదు.

వానాకాలంలో ఆయిల్ కంటే నాకు భయం వార్నిష్‌తో. తేమ గాలిలో లాకర్ వార్నిష్ స్ప్రే చేస్తే పాలపొరలా తెల్లబడుతుంది. వాన పడుతున్న రోజు ఆ పని పెట్టుకోకండి.

లిక్విన్ లాంటి మీడియంలు, కోబాల్ట్ డ్రయర్లు వాడొచ్చా?

రెండూ ఒకటి కాదు. లిక్విన్ విన్సర్ అండ్ న్యూటన్ వాళ్ల ఆల్కిడ్ మీడియం, అంటే ఆయిల్ రంగులో కలిపే, త్వరగా ఆరే జిగురు. పొర మందాన్ని బట్టి, రంగును బట్టి ఒకటి నుంచి ఆరు రోజుల్లో చేతికి అంటకుండా ఆరుతుందని వాళ్లే చెబుతారు, అది కాన్వాస్ లెక్క. మోడల్ మీద మనం వేసే పలచని పొర నాకు ఒక రాత్రిలో అయిపోయింది. రంగుకు నాలుగో వంతు కంటే ఎక్కువ కలపకండి, కొంచెం మెరుపు వస్తుంది, చివర్లో మ్యాట్ కోట్ కొట్టుకోవాలి. పనిచేసే సమయం కూడా తగ్గుతుందని గుర్తుంచుకోండి, అంచులు కలపడం అరగంటలో ముగించాలి.

కోబాల్ట్ డ్రయర్ వేరే కథ. అది అచ్చంగా తోడు. పాలలో తోడు ఎక్కువైతే పెరుగు పులుస్తుంది, ఇందులో ఎక్కువైతే పై పొర ముందు బిగుసుకుపోయి, అడుగున పచ్చిగా ఉండి, ముడతలు పడి, తర్వాత పగుళ్లిస్తుంది. మనం వాడే కందిగింజంత రంగుకు సరైన మోతాదు సూది మొన మీద పట్టేంత, దాన్ని కొలవడం ఇంట్లో అయ్యే పని కాదు. కోబాల్ట్ లవణాలు ఒంటికీ మంచివి కావు. నేను వాడను, వాడమని ఎవరికీ చెప్పను.

ఆయిల్‌లో ఎనామెల్ కలపొచ్చా?

కలపొచ్చు, పాత మోడలర్లకు ఇది బాగా అలవాటు. హంబ్రాల్ లాంటి మ్యాట్ ఎనామెల్ ఒకటి రెండు చుక్కలు వాష్‌లో కలిపితే అందులోని ఆల్కిడ్, డ్రయర్ల వల్ల త్వరగా ఆరుతుంది, మెరుపు కూడా తగ్గుతుంది. డబ్బాను బాగా కలిపాకే తీసుకోండి. బురద, తుప్పు లాంటి మందపాటి పనులకు నేను ఇదే చేస్తాను.

నీళ్లలో కలిసే ఆయిల్ రంగులు త్వరగా ఆరతాయా?

లేదు. కడుక్కోవడం సులువు, అంతే. నూనె నూనే.

గోళ్లకు వాడే యూవీ ల్యాంప్ పెడితే?

జెల్ పాలిష్‌లో ఆ వెలుగుకు గట్టిపడే పదార్థం ప్రత్యేకంగా ఉంటుంది. ఆయిల్ రంగులో అది లేదు. నిమిషంలో గట్టిపడుతుందని కొనకండి.

ఇంత ఇబ్బంది పడి ఆయిల్సే ఎందుకు? యాక్రిలిక్ వాష్ వేస్తే అరగంటలో ఆరుతుంది కదా?

ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లందరికీ ఒక ట్యాంకు పక్క పలక మీద చేసి చూపిస్తాను. మన ఆవడి ఫ్యాక్టరీలో తయారైన టీ-72ను అజేయ అంటారు, దాని పక్కనుండే పలకల మీద రాజస్థాన్ దుమ్ము ఎలా ఉంటుంది? పైన పలచగా, కింద చిక్కగా, మధ్యలో వాన నీళ్లు జారిన చారలు, ఎక్కడా గీత గీసినట్టు ఉండదు. అట్ట మీద నుంచి లేత ఇసుక రంగును నాలుగు చుక్కలు పలక మీద పెట్టి, దాదాపు పొడిగా ఉన్న వెడల్పు బ్రష్‌తో పైనుంచి కిందికి మెల్లగా లాగుతూ ఉంటే చుక్క కరిగి చార అవుతుంది, చార కరిగి నీడ అవుతుంది. నచ్చకపోతే బ్రష్‌కు థిన్నర్ తాకించి ఇంకోసారి లాగితే పోతుంది, అన్నం తినొచ్చి మళ్లీ కొనసాగించొచ్చు. యాక్రిలిక్ ఆ అవకాశం ఇవ్వదు, మొదటి నిమిషంలో ఎక్కడుంటే అక్కడే ఉండిపోతుంది. ఆలస్యంగా ఆరడమే మనం ఆయిల్ దగ్గరికి రావడానికి కారణం. అందుకే ఇలా బ్రష్‌తో లాగే పనుల్లో నేను తొందరపెట్టే మందులేవీ రంగులో కలపను, బ్రష్ కింద పెట్టాక పెట్టెలో పెట్టి తొందరపెడతాను. మీరూ అలాగే చేయండి.

ఆరిందో లేదో ముట్టుకోకుండా ఎలా తెలుస్తుంది?

ఐస్‌క్రీమ్ ప్లాస్టిక్ చెంచా ఒకటి పక్కన పెట్టుకోండి. మోడల్‌కు వేసిన బేస్ కోట్, వార్నిష్ దానికీ వేసి, ఆయిల్ వేసిన ప్రతిసారీ అదే రంగు, అదే మందం దాని మీద కూడా రాయండి, మోడల్ ఎక్కడుంటే అదీ అక్కడే ఉండాలి. పరీక్షలన్నీ చెంచా మీద. పొడి ఇయర్ బడ్‌తో మెల్లగా రుద్దితే రంగు అంటకూడదు, ఆ తర్వాత గోరు నొక్కితే గుర్తు పడకూడదు. మొదటిది దాటితే తర్వాతి పొర పలచగా వేయొచ్చు, రెండోది దాటితే వార్నిష్ కొట్టొచ్చు. చెంచా వెనక తేదీ, రంగు పేరు రాసి దాచుకుంటే ఏడాదికి మీ గదికి సరిపోయే పట్టిక తయారవుతుంది. నా దగ్గర అలాంటివి ఒక హార్లిక్స్ సీసా నిండా ఉన్నాయి, ఈ పేజీలో చెప్పిన లెక్కలు చాలావరకు ఆ చెంచాల వెనక రాసుకున్నవే.

పైన వార్నిష్ ఎప్పుడు కొట్టాలి?

పలచని వాష్‌లకు రెండు మూడు రోజులు, పులిమిన పొరలకు వారం, మందంగా పెట్టిన బురదకు రెండు మూడు వారాలు. వేడి పెట్టె ఉంటే ఇందులో సగం. పచ్చిగా ఉన్న ఆయిల్ మీద త్వరగా బిగుసుకునే వార్నిష్ కొడితే, అడుగున నూనె ఇంకా కదులుతుంటుంది, పైది కదలలేదు, కొన్ని వారాలకు సన్నని పగుళ్లు వస్తాయి. కాన్వాస్ చిత్రకారులు కింద పొరలో కంటే పై పొరలో నూనె ఎక్కువ ఉండాలని పాటించే నియమం వెనకా ఇదే కారణం. లాకర్ వార్నిష్ అయితే అందులోని ఘాటైన ద్రావకం పచ్చి ఆయిల్‌ను కరిగించి చారలు చేస్తుంది కూడా. మొదటి కోటు దూరం నుంచి పొడిపొడిగా చల్లండి.

రెండు వారాలైంది, ఇంకా జిగురుగానే ఉంది. మోడల్ పోయినట్టేనా?

పోలేదు. మొదట 40 డిగ్రీల్లో రెండు రోజులు ఉంచి చూడండి. అప్పటికీ మారకపోతే థిన్నర్‌లోనో రంగులోనో ఆరని నూనె ఉందని అర్థం, ఇక ఎదురుచూడటం దండగ. వైట్ స్పిరిట్‌తో తడిపి పిండిన ఇయర్ బడ్లతో కొంచెం కొంచెంగా తుడిచేయండి. అడుగున యాక్రిలిక్ బేస్ కోట్, దాని మీద వార్నిష్ ఉంటే వాటికి ఏమీ కాదు, అందుకే ఆయిల్ వేసేముందు వార్నిష్ పొర మానొద్దని చెబుతుంటాను. ఒక రోజు ఆరనిచ్చి, ఈసారి కొత్త థిన్నర్, అట్ట మీద తోడిన రంగుతో మొదలుపెట్టండి. పచ్చి పొర మీద పౌడర్ చల్లి కప్పేయడం మాత్రం చేయకండి, నెల తర్వాత నూనె పైకి ఊరి మచ్చలు వస్తాయి.

వాడిన గుడ్డలు, టిష్యూలు చెత్తబుట్టలో వేయొచ్చా?

నలిపి ఉండచుట్టి వేయకండి. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. అవిసె నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. మోడల్ మీద పలచని పొర కాబట్టి ఆ వేడి తెలీదు, ఉండచుట్టిన గుడ్డలో అది బయటికి పోయే దారిలేక పెరుగుతూ పోయి, అగ్గిపుల్ల గీయకుండానే మంటలు రేగొచ్చు. మనం వాడేది కొద్దిగానే అయినా, చెన్నై వేసవిలో మూసిన బాల్కనీలో చెత్తబుట్ట ఎంత వేడిగా ఉంటుందో మీకు తెలుసు. నేను రేకు డబ్బాలో సగం నీళ్లు పోసి పెట్టుకుంటాను, వాడిన టిష్యూలు, నూనె పీల్చిన అట్టముక్కలు అన్నీ అందులో మునిగేలా వేసి మూత పెడతాను. గుడ్డ మళ్లీ వాడాలనుకుంటే మడత లేకుండా బాల్కనీ కమ్మీ మీద ఒక్క వరుసగా పరుస్తాను, బాగా గట్టిపడి అట్టలా అయ్యాకే పారేస్తాను.